కిటికీ కింద చెమ్మ: చివరికి ఎలా ఆగిందంటే

విశాఖలో మా ఇంటి పాత టేకు చట్రంలోనే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ బిగించారు. గాలివాన వస్తే కింది అంచు నుంచి నీళ్లు కారి గోడ చెమ్మగిల్లేది. మళ్లీ సిలికాన్ పూయడం, సిమెంటు పూత, కొత్త రబ్బరు, ఏదీ పనిచేయలేదు.

చివరికి కిటికీ విప్పించి, చట్రం కూడా పీకించాం. కింది చెక్క పుచ్చిపోయింది, నీళ్లు దాని వెనక నుంచే వస్తున్నాయి! చట్రం తీయడంతో పెరిగిన ఖాళీని సిమెంటుతో పాత సైజుకి తెచ్చి, కింద గ్రానైట్ పలకను బయటికి వాలుగా వేయించాం. బాగా ఆరాక, రసమట్టం పెట్టి, చుట్టూ 5 మి.మీ. సందు వదిలి కిటికీ బిగించారు. సందులో ఫోమ్, బయట సిలికాన్. ట్రాక్‌లోని నీళ్లు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోకుండా దగ్గరుండి చూసుకున్నాను.

రెండు వానాకాలాలు గడిచాయి, చుక్క రాలేదు. మీ చట్రం గట్టిగా ఉంటే పీకక్కర్లేదేమో. ముందు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి.