ఫైలు సరిగ్గానే వచ్చింది, భూమి ఎందుకు తగ్గింది?

సమస్య: ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు రైతుల లిస్టు ఏ ఎర్రరూ లేకుండా వెళ్లింది. అయినా విస్తీర్ణం తప్పు చూపిస్తోంది.

మా రైతు సంఘం ఆఫీసుకు దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పాస్‌బుక్ తెరిచి టేబుల్ మీద పెట్టి, "నా పద్దెనిమిది గుంటలు ఏడికి పోయినయ్ బిడ్డా?" అని అడిగాడు. పాస్‌బుక్‌లో 2.20 ఉంది. మా లిస్టులో 2.2 పడింది.

కారణం: మన తెలంగాణలో చుక్క తర్వాత ఉండేవి గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి 2.20 అంటే రెండున్నర ఎకరాలు. ఎక్సెల్ దాన్ని మామూలు అంకె అనుకుని చివరి సున్నా తీసేసింది. తర్వాతి సిస్టమ్ దాన్ని రెండెకరాల రెండు గుంటలుగా చదివింది. అదే ఆంధ్రా వైపైతే చుక్క తర్వాత సెంట్లు, ఎకరానికి 100. ఎవరి లెక్క వాళ్ల దగ్గర కరెక్టే. కూడికలోనూ ఇదే దెబ్బ: 1.25, 1.25 కలిపితే ఎక్సెల్ 2.50 అంటుంది, అసలు లెక్క 3 ఎకరాల 10 గుంటలు.

పరిష్కారం: ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెట్టండి. ఒకటే కావాలంటే మొత్తం గుంటల్లోకి మార్చండి, 2.20 అప్పుడు 100 అవుతుంది. పాత ఫైళ్లలో చుక్క తర్వాత 39 దాటిన అంకె కనిపిస్తే అవి గుంటలు కావు. ఒక్క అంకే ఉంటే ఊహించకండి, పాస్‌బుక్ చూడండి.

సమస్య: ఊరు మ్యాచ్ కావట్లేదు. 2016లో జిల్లాలు విడిపోయాయి. కల్వకుర్తి పాత ఫైల్లో మహబూబ్‌నగర్‌లో, కొత్తదాంట్లో నాగర్‌కర్నూల్‌లో ఉంటుంది. పేరుతో కాకుండా కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఉన్న గ్రామ కోడ్‌తో కలపండి. పాత జిల్లా పేరు చెరిపేయకండి, పక్క కాలమ్‌లో ఉంచండి.

సమస్య: "యాసంగి 2024" అంటే నాట్లేసిన ఏడాదా, కోసిన ఏడాదా? 2023-24 అని రాస్తే గొడవ ఉండదు.

అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడితే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. బ్యాంకు అవసరం వేరు, మా సంఘం అవసరం వేరు. ఇచ్చిపుచ్చుకునే చోట మాత్రం ఒక పేజీ ఒప్పందం ఉండాలి: ప్రతి కాలమ్‌కు కొలత ఏమిటి, ఖాళీగా ఉంటే భూమి లేదనా, అడగలేదనా.

లిస్టు మొత్తం పంపేముందు ఐదుగురు రైతుల వివరాలే పంపి, అవతలివాళ్లను ఫోన్లో చదవమనండి. "రెండెకరాల ఇరవై గుంటలు" అనాలి. "రెండు పాయింట్ రెండు" అన్నారంటే అక్కడే ఆపేయండి.