న్యూజెర్సీలో గంటల లెక్కన పనిచేసేవాళ్లు జీతంతో సిక్ లీవ్ తీసుకోవడం ఎలా

ఎడిసన్, ఐజలిన్ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు పేరోల్ చేయడం నా పని. గ్రాసరీ స్టోర్లు, టిఫిన్ హోటళ్లు, డేకేర్లు, డెంటల్ క్లినిక్‌లు. వీటిలో గంటల లెక్కన పనిచేసే మన తెలుగువాళ్లు ఎంతోమంది, అందులోనూ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసాదారుల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి) మీద ఉన్న ఆడవాళ్లు ఎక్కువ. వాళ్ల నోట నేను తరచూ వినే మాట: "మాది పార్ట్‌టైమ్ కదక్కా, మాకు సిక్ లీవ్ ఎక్కడుంటుంది?"

ఉంటుంది. 2018 మే 2న అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన సిక్ లీవ్ చట్టం అదే ఏడాది అక్టోబర్ 29 నుంచి అమల్లో ఉంది. షాపులో పనిచేసేది ఒక్కరే అయినా ఓనర్ ఇవ్వాల్సిందే. ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్, టెంపరరీ అన్న తేడా లేదు. జీతం చేతికి క్యాష్‌గా ఇచ్చినా హక్కు పోదు. యూనియన్ ఒప్పందం కింద ఉన్న నిర్మాణ కార్మికులు, పర్ డీమ్ పద్ధతిలో, అంటే అవసరమైన రోజులకే పిలిస్తే వచ్చి పనిచేసే హెల్త్‌కేర్ ఉద్యోగుల్లాంటి కొద్దిమందికే మినహాయింపు.

ముందుగా మీ గంటలు మీరే లెక్క పెట్టుకోండి. పనిచేసిన ప్రతి 30 గంటలకు 1 గంట సిక్ లీవ్ జమవుతుంది, ఏడాదికి గరిష్ఠంగా 40 గంటలు. వారానికి 24 గంటలు పనిచేసే మనిషిని తీసుకుందాం. 52 వారాలకు 1,248 గంటలు. దాన్ని 30తో భాగిస్తే 41 దాటుతుంది. అంటే వారానికి నాలుగు రోజులు, రోజుకు ఆరు గంటలు చేసే ఆవిడకు కూడా పూర్తి 40 గంటలు వస్తాయి. ఆరేసి గంటల షిఫ్ట్‌లుగా చూస్తే ఆరు షిఫ్ట్‌లు పోను ఇంకా నాలుగు గంటలు మిగులుతాయి. పార్ట్‌టైమ్ వాళ్లకు ఏం వస్తుందిలే అని వదిలేసుకునేది ఇంత డబ్బు. కొందరు ఓనర్లు ఈ జమ లెక్కలు లేకుండా ఏడాది మొదట్లోనే 40 గంటలూ ఇచ్చేస్తారు. పీటీవో (జీతంతో ఇచ్చే సెలవు) అని వేరే పేరు పెట్టినా ఫరవాలేదు, చట్టం చెప్పినదానికి తగ్గకుండా ఉంటే చాలు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే గంటలు జమవుతాయి కానీ, వాడుకోవడం మాత్రం 120వ రోజు నుంచి. కాబట్టి చేరిన తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఓనర్ లెక్కేసే ఏడాది జనవరిలోనే మొదలవ్వాలని లేదు, ఏ నెలలోనో అడగండి. మిగిలిన గంటలు 40 వరకు మరుసటి ఏడాదికి వెళ్తాయి. అయితే ఒక ఏడాదిలో 40కి మించి వాడుకోనివ్వాలన్న నిబంధన లేదు. నేను చూసిన చాలా పే స్టబ్‌ల (జీతం చీటీల) మీద సిక్ లీవ్ బ్యాలెన్స్ కనిపించదు. "నా సిక్ లీవ్ గంటలు ఇప్పటికి ఎన్ని?" అని ఆరోగ్యంగా ఉన్న రోజునే మేనేజర్‌కు టెక్స్ట్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. జ్వరంతో పడుకున్న రోజున ఈ చర్చ మొదలుపెట్టడం కష్టం.

దేనికి వాడుకోవచ్చో తెలియక చాలామంది నష్టపోతున్నారు. మీకు ఒంట్లో బాగాలేకపోతే సరే. డాక్టర్ చెకప్, పళ్ల క్లీనింగ్, డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ కూడా ఇందులోకి వస్తాయి. పిల్లాడికి చెవిపోటు వచ్చి డేకేర్ నుంచి ఫోన్ వస్తే వాడుకోవచ్చు. మన ఇళ్లలో ఎక్కువగా అవసరపడేది ఇంకొకటుంది: అమ్మానాన్నలే కాదు, అత్తమామలు కూడా ఈ చట్టం దృష్టిలో కుటుంబమే. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారికి బీపీ పెరిగి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఆ గంటలకు మీకు జీతం రావాలి. గృహహింస నుంచి బయటపడటానికి లాయర్‌ను, కౌన్సెలర్‌ను కలిసే సమయానికీ ఇది వర్తిస్తుంది. ఈ సంగతి తెలియాల్సిన ఆడవాళ్లు మనలో ఉన్నారు, దయచేసి చెప్పండి. స్కూల్లో టీచర్ రమ్మన్న పేరెంట్ మీటింగ్ కూడా ఈ జాబితాలో ఉంది. జీతం పోతుందని మీటింగ్ మానుకునే తల్లులను చూస్తుంటే నాకు బాధేస్తుంది.

ఇక అడిగే పద్ధతి. అపాయింట్‌మెంట్ లాంటి ముందే తెలిసిన సెలవైతే 7 రోజుల ముందు చెప్పమని ఓనర్ అడగొచ్చు. దీపావళి వారం లాంటి రద్దీ తేదీల్లో ముందే తెలిసిన సెలవులు కుదరవని కూడా చెప్పొచ్చు. కానీ జ్వరం తేదీ చూసుకుని రాదు కదా. అలాంటప్పుడు వీలైనంత త్వరగా చెబితే సరిపోతుంది. ఫోన్‌లో చెప్పినా, వెంటనే ఒక టెక్స్ట్ పెట్టండి. ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా రెండు ముక్కలు చాలు: "నాకు ఒంట్లో బాగాలేదు, ఈరోజు షిఫ్ట్‌కు రాలేను. నా సిక్ లీవ్‌లో 6 గంటలు వాడుకుంటున్నాను." ఆ రెండో వాక్యం ముఖ్యం. అది లేకపోతే జీతం లేని సెలవుగా రాసేస్తారు, నా దగ్గరికి టైమ్‌షీట్ అలాగే వస్తుంది. జబ్బు వివరాలన్నీ రాయనక్కర్లేదు, సారీలు చెప్పనక్కర్లేదు.

"నీ బదులు ఎవరినో ఒకరిని చూసి పెట్టు, అప్పుడే సెలవు" అంటే ఒప్పుకోకండి. అలా షరతు పెట్టడాన్ని చట్టం నిషేధించింది. డాక్టర్ లెటర్ కూడా వరుసగా మూడు రోజులు, అంతకంటే ఎక్కువ మానితేనో, ఓనర్ ముందే చెప్పిన రద్దీ తేదీల్లో మానితేనో మాత్రమే అడగాలి. మామూలు రోజుల్లో ఒక్కరోజు జలుబుకు అర్జంట్ కేర్‌లో కోపే (ఇన్సూరెన్స్ ఉన్నా మనం కట్టే వాటా) కట్టి కాగితం తెచ్చుకోవాల్సిన పనిలేదు.

జీతం పడ్డాక పే స్టబ్ చూడండి. మామూలుగా ఇచ్చే రేటే సిక్ గంటలకూ ఇవ్వాలి. నెలల తరబడి సాగే జబ్బుకు ఇది చాలదు, దానికి రాష్ట్రం నడిపే టెంపరరీ డిసెబిలిటీ ఇన్సూరెన్స్ వేరే ఉంది. ఉద్యోగం మానేసేటప్పుడు మిగిలిన సిక్ గంటలకు డబ్బివ్వాలన్న నియమం లేదు కానీ, ఆరు నెలల లోపు అదే చోట మళ్లీ చేరితే ఆ గంటలు తిరిగి మీ ఖాతాలోకి రావాలి.

ఇవన్నీ న్యూజెర్సీ సంగతులు. వేరే రాష్ట్రంలో ఉన్న చెల్లెలికో తమ్ముడికో ఇదే చెప్పేముందు అక్కడి చట్టం చూడండి. దేశమంతటికీ వర్తించేలా హెల్దీ ఫ్యామిలీస్ యాక్ట్ పేరుతో బిల్లును 2004లో మొదటిసారి ప్రవేశపెట్టారు, ఇప్పటికీ చట్టం కాలేదు. టెక్సస్‌లో ఆస్టిన్, డల్లస్ నగరాలు సొంతంగా నిబంధనలు చేసుకుంటే కోర్టులు ఆపేశాయి. మిస్సోరీలో 2024లో ఓటర్లు గెలిపించిన హక్కును మరుసటి ఏడాదే అక్కడి శాసనసభ తీసేసింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న హక్కు మన దగ్గర ఉండి కూడా వాడుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

"అడిగితే షిఫ్ట్‌లు తగ్గిస్తారేమో అక్కా" అన్నది అందరి భయం. నిజమైన భయమే. సిక్ లీవ్ వాడుకున్నందుకు షిఫ్ట్‌లు కోయడం, కాగితం మీద రాసి వార్నింగ్ ఇవ్వడం, తీసేయడం చట్టవిరుద్ధం. మీరు ఫిర్యాదు చేసిన 90 రోజుల లోపు అలాంటిదేమైనా జరిగితే అది కక్షసాధింపేనని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. గంటల రికార్డులు 5 ఏళ్లు దాచాల్సింది కూడా ఆయనే.

మాటతో తేలకపోతే న్యూజెర్సీ లేబర్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో వేజ్ అండ్ అవర్ విభాగానికి ఫిర్యాదు పెట్టండి. మీరు దాచుకున్న టెక్స్ట్‌లు, పే స్టబ్‌లు, చేతిరాత గంటల లెక్క జత చేయండి. మీ ఇమిగ్రేషన్ స్టేటస్ ఏదైనా ఈ హక్కు ఉంటుందని డిపార్ట్‌మెంటే చెబుతోంది. అయినా వీసా విషయంలో టెన్షన్ ఉంటే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. 6 ఏళ్ల వెనకటి బాకీ వరకు అడగొచ్చు, ఆ ఉద్యోగం ఎప్పుడో మానేసినవాళ్లు కూడా.