పెళ్ళి లైవ్ లింక్ దారి తప్పకుండా: ముహూర్తానికి ముందే చూసుకోవాల్సినవి

ఆషాఢం వెళ్ళి శ్రావణం రాగానే పెళ్ళిళ్ళు మొదలవుతాయి. ఇప్పుడు శుభలేఖతోపాటు వాట్సాప్‌లో లైవ్ లింక్ కూడా వెళ్తోంది. డల్లాస్‌లో ఉన్న మేనమామ, కదలలేని నాయనమ్మ, సెలవు దొరకని స్నేహితులు పెళ్ళి చూడగలిగేది ఆ లింక్ ద్వారానే. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కాసేపట్లో అందరూ ఒకేసారి నొక్కుతారు. సరిగ్గా అప్పుడే ఒకరికి యూట్యూబ్ హోమ్ పేజీ, ఒకరికి నిన్నటి సంగీత్, మరొకరికి ఎవరిదో తెలియని పెళ్ళి తెరుచుకుంటుంది. ఇలాంటి తప్పుల్లో చాలావాటికి కారణం లింక్ పంపకముందే పడి ఉంటుంది. ముహూర్తం వేళ సరిచేయగలిగింది తక్కువ. అందుకే పెళ్ళివారు, వీడియోగ్రాఫర్ కలిసి కనీసం నాలుగైదు రోజుల ముందే కూర్చుని ఈ పనులు చూసుకోవాలి.

లింక్ తయారుచేసేటప్పుడు

యూట్యూబ్ ఛానెల్ కొత్తదైతే ముందు లైవ్ అనుమతి ఉందో లేదో చూడండి. ఫోన్ నంబరుతో ధృవీకరణ చేశాక మొదటిసారి లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. నేరుగా మొబైల్ యాప్ నుంచి లైవ్ ఇవ్వాలంటే ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్‌లో ఎన్‌కోడర్ (కెమెరా బొమ్మను యూట్యూబ్‌కు పంపే సాఫ్ట్‌వేర్) ద్వారా ఇస్తే ఆ నిబంధన వర్తించదు. పెళ్ళిరోజు ఉదయం ఇది తెలిస్తే అప్పటికప్పుడు వేరే ఛానెల్ వెతుక్కోవాలి, పంపిన లింకులన్నీ వృథా అవుతాయి.

లైవ్‌ను అప్పటికప్పుడు మొదలుపెట్టకండి, ముందే షెడ్యూల్ చేయండి. షెడ్యూల్ చేసిన లైవ్‌కు లింక్ ముందే వస్తుంది, ప్రసారం మొదలైనా అదే ఉంటుంది. అప్పటికప్పుడు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెడితే ప్రతిసారీ కొత్త వీడియో, కొత్త లింక్ పుడతాయి. పాత లింక్ నొక్కినవాళ్ళకు ఆగిపోయిన రికార్డింగ్ వస్తుంది. అది అయిపోగానే ఆటోప్లేలో సంబంధం లేని వీడియో మొదలవుతుంది. "లింక్ ఇంకెక్కడికో పోతోంది" అనే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే.

షెడ్యూల్ చేశాక యూట్యూబ్‌లో లైవ్‌ను నడిపే పేజీ అయిన లైవ్ కంట్రోల్ రూమ్‌లో ఆటో స్టాప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మండపంలో కరెంటు పోయి ఎన్‌కోడర్ ఆగగానే యూట్యూబ్ ఆ ప్రసారాన్ని ముగిసినట్టుగా లెక్కిస్తుంది. ముగిసినదాన్ని తిరిగి తెరవలేం. ఆఫ్‌లో ఉంటే జనరేటర్ వచ్చాక ఎన్‌కోడర్ మళ్ళీ కలిపితే అదే లింక్‌లో ప్రసారం కొనసాగుతుంది.

స్ట్రీమ్ కీ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఎన్‌కోడర్ పంపే ఫీడ్ ఏ లైవ్‌కు వెళ్ళాలో చెప్పే కోడ్ అది. సీజన్‌లో ఒకే వీడియోగ్రాఫర్‌కు ఒకేరోజు రెండు పెళ్ళిళ్ళు ఉండటం మామూలే. రెండు షెడ్యూల్స్‌కూ ఒకే డిఫాల్ట్ కీ తగిలిస్తే, పైగా ఫీడ్ రాగానే లైవ్ దానంతటదే మొదలయ్యే ఆటో స్టార్ట్ కూడా ఉంటే, ఇక్కడి ఫీడ్ వేరే పెళ్ళి లింక్‌లో మొదలుకావచ్చు. ప్రతి పెళ్ళికీ విడిగా కొత్త కీ సృష్టించుకుని దానికి పెళ్ళి పేరు పెట్టుకోండి.

ఛానెల్ పేరు చివర /లైవ్ అని ఉండే లింక్‌ను కొందరు శాశ్వత లింక్‌గా శుభలేఖలో వేయిస్తారు. అది ఆ ఛానెల్‌లో ఆ క్షణాన నడుస్తున్న పబ్లిక్ లైవ్‌కు తీసుకెళ్తుంది. అదే ఛానెల్‌లో రెండు పెళ్ళిళ్ళు నడుస్తుంటే ఏదో ఒకటే తెరుచుకుంటుంది, మీది అన్‌లిస్టెడ్ అయితే అసలు కనపడదు. ఫలానా వీడియోకే వెళ్ళే లింక్ మాత్రమే పంపండి.

ఆ అన్‌లిస్టెడ్ సంగతి: పెళ్ళికి సరిపోయేది అదే. లింక్ ఉన్నవాళ్ళు చూస్తారు, వెతికితే దొరకదు. ప్రైవేట్ పెడితే ఈమెయిల్ ద్వారా పిలిచిన గూగుల్ అకౌంట్లకే తెరుచుకుంటుంది, అదీ గరిష్ఠంగా 50. మిగతావాళ్ళకు వీడియో అందుబాటులో లేదనే వస్తుంది.

డీజే పాటల గురించి ఒక మాట. సంగీత్‌లో సినిమా పాటలు గట్టిగా మోగితే కాపీరైట్ గుర్తింపు వ్యవస్థ లైవ్ బొమ్మ స్థానంలో నిశ్చల చిత్రం పెట్టవచ్చు, ప్రసారాన్ని నిలిపేయవచ్చు కూడా. చూసేవాళ్ళకు అది లింక్ తప్పులాగే కనిపిస్తుంది. 

లింక్‌ను చేతితో ముట్టుకోకండి

యూట్యూబ్ వీడియో గుర్తు 11 అక్షరాలు. ఇందులో పెద్ద ఇంగ్లీషు అక్షరం వేరు, చిన్నది వేరు. పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె చూడటానికి ఒకేలా ఉంటాయి. సున్నా, ఓ కూడా అంతే. శుభలేఖ డిజైన్ చేసేవారు అందంగా ఉంటుందని లింక్ మొత్తాన్ని పెద్ద అక్షరాల్లోకి మారిస్తే అది చచ్చిపోయినట్టే. ఎప్పుడైనా కాపీ, పేస్ట్ మాత్రమే చేయాలి.

షేర్ బటన్ నొక్కితే వచ్చే లింక్ చివర ప్రశ్నార్థకం, దాని తర్వాత పొడవాటి గుర్తు ఉంటాయి. అది షేర్‌ను గుర్తుపట్టడానికి యూట్యూబ్ తగిలించేది, తీసేసినా వీడియో తెరుచుకుంటుంది. కానీ ప్లేలిస్ట్ లోపలి నుంచి కాపీ చేస్తే లిస్ట్ అనే భాగం వెంట వస్తుంది. అప్పుడు చూసేవారు మీ వీడియో తర్వాత ఆ ప్లేలిస్ట్‌లోకే పోతారు. సమయం గుర్తు ఉంటే వీడియో మధ్యలోంచి మొదలవుతుంది. ఈ రెండూ ఉంటే తీసేయాలి.

తెలుగులో మెసేజ్ రాసేవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. లింక్ చివర ఖాళీ వదలకుండా "లో చూడండి" అని అంటించేస్తారు. కొన్ని యాప్‌లు ఆ తెలుగు అక్షరాలను కూడా లింక్‌లో భాగమనుకుంటాయి, చిరునామా చెడిపోతుంది. చివర పెట్టిన చుక్క, బ్రాకెట్ కూడా ఒక్కోసారి ఇదే పని చేస్తాయి. లింక్‌ను ఎప్పుడూ విడి వరుసలో ఒంటరిగా ఉంచండి.

లింక్ కుదించే సేవలు అవసరం లేదు. యూట్యూబ్ ఇచ్చే షేర్ లింకే చిన్నది. కుదించిన లింక్ మొదట సేవ సర్వర్‌కు వెళ్ళి అక్కడి నుంచి మళ్ళుతుంది. ఆ మళ్ళింపు శాశ్వతమైనదిగా, అంటే 301 కోడ్‌తో ఉంటే బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మీరు తర్వాత గమ్యం మార్చినా, ముందు నొక్కినవాళ్ళు పాతచోటికే పోవచ్చు. సేవే మూతపడితే లింక్ కూడా పోతుంది. చాలా యాప్‌లు వాడిన గూగుల్ లింక్ సేవ ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ 2025 ఆగస్టు 25న ఆగిపోయింది.

క్యూఆర్ కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. డైనమిక్ కోడ్ నేరుగా యూట్యూబ్‌కు వెళ్ళదు, తయారుచేసిన కంపెనీ మీదుగా వెళ్తుంది. ఉచిత గడువు అయిపోతే శుభలేఖ మీది కోడ్ ఆ కంపెనీ పేజీనే చూపిస్తుంది. యూట్యూబ్ లింక్ నేరుగా లోపలే ఉండే స్టాటిక్ కోడ్ తీసుకోండి. అచ్చులో కనీసం రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, చుట్టూ తెల్ల అంచు వదలాలి. బంగారు రంగు మీద ఎర్ర కోడ్ చాలా కెమెరాలకు అందదు. ప్రూఫ్ కాగితాన్ని రెండు వేర్వేరు ఫోన్లతో స్కాన్ చేశాకే అచ్చుకు సరే అనండి.

పంపేటప్పుడు

ముందు పరీక్షించాలి. ఛానెల్ లాగిన్ ఉన్న ఫోన్‌లో తెరిచి చూస్తే పరీక్ష కాదు, యజమానికి ప్రైవేట్ వీడియో కూడా కనిపిస్తుంది. క్రోమ్‌లో ఏ లాగిన్ లేకుండా తెరుచుకునే ఇన్‌కాగ్నిటో తెరిచి అందులో చూడండి. తర్వాత వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడింటిలోనూ ఒకరికి పంపి, ఒక ఆండ్రాయిడ్‌లో, ఒక ఐఫోన్‌లో నొక్కించండి. వధూవరుల పేర్లు, సమయం ఉన్న వెయిటింగ్ పేజీ రావాలి.

లింక్ కుటుంబంలో అందరికీ తెలిసిన నంబరు నుంచే వెళ్ళాలి. తెలియని నంబరు నుంచి వచ్చిన లింక్‌ను వాట్సాప్ నొక్కనివ్వకపోవచ్చు. నంబరు సేవ్ చేసుకున్నాకో, జవాబిచ్చాకో పనిచేస్తుంది. మోసాలను ఆపడానికి అది మంచి ఏర్పాటే, కానీ వీడియోగ్రాఫర్ కొత్త నంబరు నుంచి పంపితే పెద్దవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

తప్పు లింక్ పంపారా? వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపు మెసేజ్‌ను ఎడిట్ చేయవచ్చు. అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు మాత్రం మారవు. కాబట్టి ముందు చిన్న గ్రూపులో పెట్టి, ఎవరో ఒకరు తెరిచి సరే అన్నాకే మిగతా గ్రూపుల్లో వేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో రాసిన లింక్ నొక్కడానికి వీలుండదు, జనం చేత్తో కొట్టుకుని తప్పులు చేస్తారు. స్టోరీలో లింక్ స్టిక్కర్, లేదా బయోలో లింక్ పెట్టండి.

విదేశాల వాళ్ళ కోసం సమయం, తేదీ, వారం విడిగా రాయండి. ఆదివారం తెల్లవారుజామున 3:30 ముహూర్తమంటే డల్లాస్‌లో శ్రావణంలో శనివారం సాయంత్రం 5:00, మాఘంలో శనివారం సాయంత్రం 4:00. అక్కడి ఆదివారం 3:30కి వచ్చినవాళ్ళకు ముగిసిన రికార్డింగ్ కనిపిస్తే, తప్పు లింక్‌ది కాదు, తేదీది.

చూసేవాళ్ళకు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో లింక్ నొక్కితే అది సాధారణంగా ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ మీ గూగుల్ లాగిన్ ఉండదు. లాగిన్ చేయబోతే 403 తప్పు చూపిస్తుంది, యాప్ లోపలి బ్రౌజర్లలో లాగిన్‌ను గూగుల్ 2021 నుంచి అడ్డుకుంటోంది. మళ్ళీ మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టకండి. పైన మూడు చుక్కలు నొక్కి, బయటి బ్రౌజర్‌లో తెరవమనే ఎంపిక తీసుకోండి. అది కనిపించకపోతే లింక్ కాపీ చేసి క్రోమ్‌లో అతికించండి.

ఆండ్రాయిడ్‌లో యూట్యూబ్ యాప్ ఉన్నా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంటే సెట్టింగ్స్, యాప్స్, యూట్యూబ్, ఓపెన్ బై డిఫాల్ట్‌లోకి వెళ్ళి సపోర్టెడ్ లింక్స్ ఆన్ చేయండి. పాత యాప్‌లో హోమ్ పేజీ మాత్రమే వస్తుంటే ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేసి, మెసేజ్‌కు తిరిగి వచ్చి మళ్ళీ నొక్కాలి. అప్‌డేట్ పేజీ నుంచి నేరుగా ఓపెన్ నొక్కితే హోమే వస్తుంది, లింక్ గుర్తుండదు. ఐఫోన్‌లో లింక్‌ను కాసేపు నొక్కి పట్టి, యూట్యూబ్‌లో తెరవమనే వరుసను ఎంచుకోండి. తర్వాత కూడా సాధారణంగా అదే దారి పడుతుంది.

టీవీలో పెద్దవాళ్ళకు పెట్టేటప్పుడు వధూవరుల పేర్లతో వెతకకండి. అన్‌లిస్టెడ్ వీడియో వెతుకులాటలో రాదు, అవే పేర్లున్న వేరే జంట పెళ్ళి వస్తుంది. ఫోన్‌లో లింక్ తెరిచి, ఒకే వైఫైలో ఉన్న టీవీకి కాస్ట్ చేయండి. ఈ ఏర్పాటు ముందురోజే ఒకసారి చేసి చూడండి.

లింక్ మోసమైతే

ప్రివ్యూలో కనిపించే బొమ్మను, పేరును నమ్మి నొక్కకండి. వాట్సాప్‌లో ప్రివ్యూ పంపేవారి ఫోన్‌లోనే తయారవుతుంది. వెబ్ పేజీ కూడా తనకు నచ్చిన బొమ్మ, శీర్షిక చూపించగలదు. చూడాల్సింది డొమైన్. మొదట వచ్చే రెండు గీతల తర్వాత, తర్వాతి ఒంటి గీతకు సరిగ్గా ముందున్న భాగమే అసలు చిరునామా. ఆ భాగం యూట్యూబ్ డాట్ కామ్ (youtube.com) లేదా షేర్ లింక్‌లో వచ్చే youtu.be అయి ఉండాలి, దాని ముందు ఏమైనా ఉంటే చుక్కతో విడిగా ఉండాలి. యూట్యూబ్ పేరు మధ్యలో ఎక్కడో ఉండి చివర వేరే పేరుంటే అది యూట్యూబ్ కాదు.

అసలైన పెళ్ళి లైవ్ ఫోన్ నంబరు, ఓటీపీ, కార్డు వివరాలు, యాప్ ఇన్‌స్టాల్ ఏదీ అడగదు. ఫేస్‌బుక్‌లో లైవ్ పోస్టు కింద "ఇక్కడ స్పష్టంగా చూడండి" అంటూ కొత్త అకౌంట్లు పెట్టే కామెంట్ లింకులు ఎప్పుడూ నొక్కవద్దు. పెళ్ళి పత్రిక అని పేరు పెట్టి ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపడం ఇప్పుడు బాగా నడుస్తున్న మోసం. శుభలేఖ పీడీఎఫ్‌గానో, బొమ్మగానో, వీడియోగానో వస్తుంది, ఏపీకేగా రాదు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు లాగేస్తుంది. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అనే చోట వాట్సాప్‌కు అనుమతి లేకుండా ఇప్పుడే ఆపేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో మీరే చేసిపెట్టండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటలో చెబితే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. రోబో కాదని చూపడానికి "అలో" (అనుమతించు) నొక్కమన్న పేజీలో నొక్కేసినందుకు అప్పటి నుంచి ప్రకటనలు వస్తుంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి ఆ సైట్‌ను తీసేయండి.

మధ్యలో ఆగిపోతే, ఆ తర్వాత

ఎంత చూసుకున్నా కొత్త లైవ్ మొదలుపెట్టాల్సి రావచ్చు. అప్పుడు ముందు పాత వీడియో శీర్షికను "లైవ్ కొత్త లింక్‌లో ఉంది, కింద చూడండి" అని మార్చి, వివరణ మొదటి వరుసలో కొత్త లింక్ పెట్టండి. గ్రూపుల్లో పంపడం ఆ తర్వాతే. పాత లింక్ ఎంతమందికి ఫార్వర్డ్ అయిందో మీకు తెలియదు, వాళ్ళందరూ వచ్చేది ఆ పాత పేజీకే.

ప్రసారం 12 గంటల్లోపు ముగిస్తే రికార్డింగ్ అదే లింక్‌లో దానంతటదే నిలుస్తుంది. దాటితే నిలుస్తుందన్న నమ్మకం లేదు. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒకే లైవ్‌గా నడపకుండా రెండుగా షెడ్యూల్ చేయడం మేలు. ముందున్న ఖాళీ భాగం కత్తిరించాలంటే వీడియోను తీసేసి మళ్ళీ అప్‌లోడ్ చేయకండి, లింక్ మారిపోతుంది. యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లో ట్రిమ్ చేస్తే లింక్ అలాగే ఉంటుంది, అయితే వీడియో ఆరు గంటల్లోపుదై ఉండాలి.