క్యాంపుల ఇన్వర్టర్ మొరాయిస్తుందా? 12 వోల్టుల దిక్కు చూడున్రి

పోయిన ఎండకాలం సోమశిల కాడ కృష్ణ ఒడ్డుకు టెంట్లు ఏసుకుని రెండు రాత్రులు ఉందామని కొల్లాపూర్ మీదికెళ్లి పోయినం, ఐదుగురం, ఒక కారు, ఒక 300 వాట్ల ఇన్వర్టర్, అంటె కారు బ్యాటరీ 12 వోల్టులను ఇంట్ల కరెంటు లెక్క 230 వోల్టులు చేసే డబ్బ. మొదటి రాత్రే మావోడొకడు కట్టెలేరుడు ఎవనితోటి అయితదని ఇంట్లకెళ్లి తెచ్చిన రైస్ కుక్కర్ దానికి తగిలిచ్చిండు. ఇన్వర్టర్ ఒక్క కూత పెట్టి ఆగిపోయింది, ఫోన్ చార్జింగ్ కూడా ఎక్కుతలేదు. నానేసిన బియ్యం అట్లనే ఉన్నయి, మేం చీకట్ల మూడు రాళ్లు ఎతుక్కొచ్చి పొయ్యి పెట్టినం.

ఆ రెండు రోజులల్ల దాదాపు అన్ని తిప్పలు పడ్డం కాబట్టి ఒక్కొక్కటి చెప్తున్న. దానికి ముందు ఒక లెక్క యాదికి పెట్టుకోన్రి: వస్తువు వాట్లను 10 తోటి భాగిస్తె బ్యాటరీ నుంచి ఎన్ని ఆంపియర్లు గుంజుతదో వస్తది. 12 తోటి కదా భాగించాలె అంటరు, నిజమే, కానీ ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటె 10 కరెక్ట్‌గ సరిపోతది. అందరు 230 వోల్టుల దిక్కు చూసి కొంటరు, గోసంత 12 దిక్కే ఉంటది.

సాకెట్ మొత్తమే చచ్చింది

కారు సిగరెట్ సాకెట్ ఫ్యూజు మామూలుగ 10 లేకపోతె 15 ఆంపియర్లు ఉంటది, అంటె 100 నుంచి 150 వాట్లు, అంతే. కుక్కర్ 700 వాట్లు, 70 ఆంపియర్లు అడుగుతది, ఎక్కడికెళ్లి వస్తది? ఫ్యూజు బాక్స్ తెరిచి కొట్టేసినది తీసి అదే సైజుది ఏయాలె. పెద్దది ఏస్తె కొట్టేయదు కదా అని 30 ఏసేటోళ్లు ఉన్నరు, అప్పుడు ఫ్యూజుకు బదులు లోపలి వైరు కాలుతది. సాకెట్ మీద ల్యాప్‌టాప్, కెమెరా చార్జర్ దాక ఓకే, అంతకు మించితె క్లిప్పులు డైరెక్ట్ బ్యాటరీకి పెట్టాలె.

బ్యాటరీ నిండుగుంది, అయినా కుయ్ కుయ్ మని ఒర్లుతది

తెల్లారి కొల్లాపూర్ పోయి ఫ్యూజు తెచ్చినం, దాంతోపాటు ఇండ్లల్ల వైరింగుకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు కూడా తెచ్చి, ఇన్వర్టర్ టెంట్ల ఉంటె సుకూన్‌గ ఉంటదని బ్యాటరీ నుంచి ఐదు మీటర్లు గుంజినం. ఫ్యాను, ల్యాప్‌టాప్ కలిపి 100 వాట్లు కూడా దాటలే, ఒర్లుడు మొదలైంది. మల్టీమీటర్ పెట్టి చూస్తె బ్యాటరీ కాడ 12.4, ఇన్వర్టర్ కాడ 11.2. వైరు పట్టుకుంటె గోరువెచ్చగ ఉన్నది. 230 వోల్టులల్ల అర ఆంపియర్ కూడా కాని లోడు 12 వోల్టులల్ల 10 ఆంపియర్లయి కూసుంటది, సన్న వైరుల పోనుపోను దారిలనే ఒక వోల్టు పైన రాలిపోతది, ఇన్వర్టరేమో బ్యాటరీ అయిపోతుందనుకుంటది.

దీనికి మందు సులువు. ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కన పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను టెంట్ల దాక గుంజాలె, 230 దిక్కు ఎంత పొడుగున్నా ఏం కాదు. 300 వాట్లకు మీటరున్నర లోపల 6 స్క్వేర్ ఎంఎం వైరు సాలు, 1000 వాట్లంటె మాత్రం 25 ఏసుకోన్రి. ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గర్నే ఫ్యూజు పెట్టాలె. క్లిప్పులు వదులైతె కూడా గిదే కూత, ముందు అది చూసుకోన్రి.

డబ్బ మీద 2000 వాట్లు, మిక్సీ మాత్రం తిరుగది

ఆ 2000 పీక్ అంట, కండ్లు మూసి తెరిచేంత సేపు ఇస్తది. మీరు చూడాల్సింది కంటిన్యూయస్, అంటె ఆగకుండ ఇచ్చేది, అని రాసింది. షాపుల అది కూడా నమ్మబుద్ధి కాకపోతె వెనకకు తిప్పి ఫ్యూజులు లెక్కపెట్టున్రి, 30 ఆంపియర్లవి మూడుంటె 90, దాన్ని 12 తోటి గుణిస్తె 1080. లోపలికి పోయేదే అంత, బయటికి 2000 ఎట్లొస్తది? మోటార్ ఉన్న ఏ వస్తువైనా లేచేటప్పుడు మామూలు కంటె రెండు మూడింతలు గుంజుతది, ఫ్రిజ్జు కంప్రెసర్ అయితె ఇంకా ఎక్కువ. నా మాటింటె మిక్సీ, కెటిల్, ఇండక్షన్ ఇవన్ని ఇంట్లనే పెట్టి రాండ్రి, చిన్న గ్యాస్ పొయ్యి తెచ్చుకోన్రి, చట్నీ రోట్ల నూరి డబ్బల పెట్టుకుంటె రుచి కూడా ఉంటది.

ల్యాప్‌టాప్ 65, కెమెరా చార్జర్ 20, టేబుల్ ఫ్యాన్ 50, స్పీకర్ 30, మొత్తం 165 అయితది. ఇంకో పావువంతు కలుపుకున్నా 300 వాట్లది మస్తు.

ఫ్యాను గుర్రుమంటది, స్పీకర్ల జుమ్ముమని సప్పుడు

అది మోడిఫైడ్ సైన్ వేవ్, అంటె కరెంటు అల నున్నగ ఉండదు, మెట్లు మెట్లుగ వస్తది. మాదీ అదే. చార్జర్లు పట్టించుకోవు, మోటార్లు వేడెక్కుతయి. నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ రేటెక్కువ, కానీ ఫ్యాను రాత్రంత తిరగాలంటె అదే కొనాలె. చౌకగ వచ్చిందని ఆన్‌లైన్ల 110 వోల్టులది తెప్పిచ్చుకునేరు, చార్జర్లు నడుస్తయి గని ఫ్యాను ఈగలు తోలుతది.

మిట్టమధ్యాన్నం దానంతట అదే ఆగుతది

మా దిక్కు మే నెల ఎండల డోర్లు మూసిన కారుల పెడితె ఇంకేమైతది. నీడకు పెట్టి దాని చిన్న ఫ్యానుకు గాలి ఆడనియ్యున్రి, చల్లబడ్డంక అదే లేస్తది.

పొద్దుగాల కారు స్టార్ట్ అయితలేదు

రెండో రాత్రి ఫ్యాను ఎనిమిది గంటలు నడవాలని పెట్టినం, 5 ఆంపియర్ల లెక్క 40 ఆంపియర్ అవర్లు (ఏహెచ్) కావాలె. మా కారు బ్యాటరీ మొత్తం కలిపితెనే 35. ఇన్వర్టర్ తక్కువ వోల్టేజికి ఆగుతది కదా అనుకున్నం, ఆగుతది, 10.5 కాడ. అప్పటికి సెల్ఫ్ తిరిగే బలం బ్యాటరీల ఉండదు, టిక్ టిక్ అన్నది అంతే. చేపలు పట్టేటోళ్లు ఇద్దరొచ్చి మాతోటి కలిసి నూకితె సెకండ్ గేర్ల లేచింది.

సహాయానికి ట్రాక్టర్ దొరికితె దాని బ్యాటరీ 12 వోల్టులే, వైర్లు పెట్టి లేపొచ్చు. లారీ అయితె ఆగున్రి, పెద్ద లారీలు 24 వోల్టులు, వాటికి మన ఇన్వర్టర్ తగిలిస్తె పొగనే.

ఇప్పుడైతె డిక్కీల వేరే 100 ఏహెచ్ బ్యాటరీ ఏసుకపోతున్నం. లెడ్ యాసిడ్‌ది కాబట్టి సగమే వాడుకుంటం, నష్టం పోను 500 వాట్ అవర్ల దాక వస్తది, ఒక ఫ్యాను, ఒక ల్యాప్‌టాప్‌కు ఒక రాత్రి ఎల్లుతది. దాన్ని టెంట్ల మాత్రం పెట్టం, చార్జింగ్ అయ్యేటప్పుడు గ్యాస్ వదులుతది. ఫోన్లు ఇన్వర్టర్ జోలికి పోకుండ 12 వోల్టుల యూఎస్‌బీ చార్జర్‌కే. కుక్కర్ తెచ్చినోడు ఈసారి గంజు తెస్తున్నడు.