టెస్టు పాసైంది సరే, లోపల డేటా బాగుందా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద టెస్టులు రాసేవాళ్లు కన్సిస్టెన్సీ చెక్‌తో, అంటే లోపల డేటా పాడవలేదని చూసే చెక్‌తో, సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ప్రతి చిన్న టెస్టు తర్వాతా పెట్టి రన్ మొత్తాన్ని నత్తనడక నడిపిస్తారు, లేదంటే అన్నీ అయ్యాక చివర్లో ఒక్కసారి పెట్టి, తప్పు దొరికాక అది ఏ టెస్టు నిర్వాకమో తెలియక తల పట్టుకుంటారు. నేను రెండూ చేశాను. రెండోసారైతే టెస్టులయ్యాక టేబుళ్లను డ్రాప్ చేసి శుభ్రం చేసే టియర్‌డౌన్ ముందు నడిచేది, చెక్ దాని వెనకాల. ఖాళీ డేటాబేస్‌లో తప్పులేం దొరుకుతాయి? నెలల తరబడి పచ్చగా వెలుగుతూనే ఉంది.

అందుకే చెక్‌ను టియర్‌డౌన్‌లో మొట్టమొదటి లైనుగా పెట్టండి, ఒకే సర్వర్‌ను వాడుకునే టెస్టుల గుంపుకి ఒక్కసారి చాలు. టెస్టు ఫెయిలైనా అది నడిచి తీరాలి. తప్పు కనిపిస్తే సర్వర్ ఆపి డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. తొందరపడి రీఇండెక్స్ కొట్టి ఇండెక్స్‌ను కొత్తగా కట్టారంటే సాక్ష్యం పోయినట్టే.

క్రాష్ టెస్టుల్లో మాత్రం చివరిదాకా ఆగకూడదు. సర్వర్‌ను ఇమ్మీడియట్ మోడ్‌లో (క్రాష్ అయినట్టే, ఉన్నపళంగా) ఆపి, మళ్లీ లేపి, రికవరీ పూర్తయ్యాక, కొత్త రాతలు మొదలవకముందే చెక్ చేయండి, లేకపోతే పాడైంది రికవరీలోనా ఆ తర్వాతా అన్నది తేలదు. (ప్రాసెస్ చచ్చినా కర్నెల్ దగ్గరున్న పేజీలు అలాగే ఉంటాయి కాబట్టి ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకి చేర్చే కాల్) మర్చిపోయిన బగ్గులు ఇలా దొరకవు, వాటికి వర్చువల్ మెషీన్‌కే కరెంటు పీకాలి.)

ఈ చెక్‌కి వాడాల్సిన టూల్ పీజీ_ఆమ్‌చెక్, పోస్ట్‌గ్రెస్ 14వ వెర్షన్ నుంచి ఉంది. లోపల ఆమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్‌ని వాడుకుని టేబుళ్లనీ ఇండెక్స్‌లనీ తనిఖీ చేస్తుంది. హీప్‌ఆల్‌ఇండెక్స్‌డ్ ఆప్షన్ ఇవ్వండి, టైమ్ ఎక్కువ పట్టినా సరే. అది లేకపోతే ఇండెక్స్ ఆకారం బాగుందో లేదో చూస్తుంది గానీ, టేబుల్లో ఉన్న ప్రతి వరసకీ ఇండెక్స్‌లో ఎంట్రీ ఉందా అని చూడదు. 14.4కి ముందు 14లో క్రియేట్ ఇండెక్స్ కాంకరెంట్‌లీ బగ్ చేసింది సరిగ్గా అదే, కొన్ని వరసలు ఇండెక్స్‌లోకి ఎక్కకుండా వదిలేసింది.

ఖాతాల మొత్తం సరిపోయిందా లాంటి లెక్కలు ఈ టూల్ చూడదు, అవి మీరే రాసుకోవాలి. రాతలు నడుస్తుండగా రెండు క్వెరీలతో పోల్చాలంటే రెండింటినీ ఒకే రిపీటబుల్ రీడ్ ట్రాన్సాక్షన్‌లో పెట్టండి, అప్పుడు రెండూ ఒకే క్షణం నాటి డేటాని చూస్తాయి, లేకపోతే మధ్యలో డబ్బు కదిలి లేని బగ్గు కనిపిస్తుంది. రెప్లికాతో (మెయిన్ సర్వర్‌ని అనుసరించే కాపీ సర్వర్‌తో) పోల్చేటప్పుడు రాతలు ఆపి, అది పూర్తిగా అందుకునేదాకా ఆగండి.

చివరగా మీ చెక్‌ని మీరే ఒకసారి మోసం చేయండి. సర్వర్ ఆపి, ఏదో ఒక బీట్రీ ఇండెక్స్ (మామూలు రకం ఇండెక్స్) ఫైల్లో 8192వ బైట్ దగ్గర మొదలయ్యే పేజీని డీడీ కమాండ్‌తో సున్నాలు చేసి, సర్వర్ లేపి, చెక్ నడపండి. బిల్డ్ ఎర్రబడాలి. నాది ఎర్రబడలేదు: ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ టెస్టు డేటాబేస్‌లో లేదు, టూల్ ఒక వార్నింగ్ రాసి దాన్ని దాటేసింది, పక్కనున్న ఇంకో డేటాబేస్‌ని చూసి అంతా బాగుందని చెప్పింది. ఎక్స్‌టెన్షన్ లేని చోట దాన్ని తనే పెట్టుకునే ఇన్‌స్టాల్-మిస్సింగ్ ఆప్షన్ పెట్టాక దారికొచ్చింది.