రోజూ పాటలు వినేవారికి పెద్ద హెడ్‌ఫోన్: చెవికీ తలకూ నప్పేది ఎంచుకోవడం ఎలా

హెడ్‌ఫోన్ కొనబోయేవారిలో చాలామంది ముందుగా బేస్ (కింది స్వరాల నాదం) ఎలా ఉంటుందని, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని అడుగుతారు. రోజూ గంటా రెండు గంటలు పాటలు వినే అలవాటున్నవారు వీటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఈ హెడ్‌ఫోన్‌ను గంటసేపు, ఒక్కసారైనా సర్దుకోకుండా, తలమీద ఉంచుకోగలమా లేదా అన్నది. దీన్ని సుఖానికి సంబంధించిన సంగతిగా మాత్రమే చూస్తే పొరపాటు. చెవి చుట్టూ మెత్త (ఇయర్‌ప్యాడ్) సరిగ్గా ఆనకపోతే, ముఖ్యంగా వెనుక మూసి ఉన్న హెడ్‌ఫోన్లలో, కింది స్వరాలు ఆ సందులోంచి బయటికి పోతాయి. మృదంగం తొప్పి నాదం పలచబడుతుంది, గాయకుడి గొంతులో నిండుదనం తగ్గుతుంది. తలకు నప్పని హెడ్‌ఫోన్‌లో, దాని ధర ఎంతైనా సరే, దాన్ని తయారుచేసినవారు అనుకున్న ధ్వని మనకు చేరదు.

పెద్దగా కనిపించే ప్రతి హెడ్‌ఫోనూ చెవిని పూర్తిగా కప్పేది కాదు. కొన్ని చెవి మీదే కూర్చుని మృదులాస్థిని నొక్కుతాయి. వీటిని ఎక్కువసేపు వినేవారికి నేను సూచించను. కావలసింది చెవి చుట్టూ తలకు ఆనేది. ఆన్‌లైన్‌లో కొంటున్నట్లయితే ముందు ఒక స్కేలు తీసుకుని చెవి పై అంచు నుంచి తమ్మె చివరిదాకా ఎంత పొడవుందో, తల నుంచి చెవి ఎంత బయటికి నిలబడి ఉందో కొలుచుకోవాలి. పెద్దవారి చెవి పొడవు సాధారణంగా 6 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మెత్త లోపలి ఖాళీ దీనికంటే కొంచెం ఎక్కువ ఉండాలి. లోతు సంగతి చాలామంది మరచిపోతారు; లోతు చాలకపోతే చెవి అంచు లోపలి గుడ్డకు తగులుతూ, మొదటి పది నిమిషాలు తెలియకపోయినా, అరగంట గడిచేసరికి ఆ ఒక్కచోటే మంట పుడుతుంది. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ స్టూడియోల్లో పేరు తెచ్చుకున్నదే అయినా దాని మెత్తల లోపలి ఖాళీ చిన్నది కాబట్టి, చెవులు పెద్దగా ఉన్నవారు దాన్ని పెట్టి చూడకుండా కొనకపోవడం మంచిది.

బరువు గురించి పెట్టె మీద రాసిన అంకెను తప్పక చూడాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 సుమారు 260 గ్రాములు, అదే సంస్థ 2020లో తెచ్చిన హెచ్‌డీ 560ఎస్ 240 గ్రాములు, సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 దాదాపు 250 గ్రాములు ఉంటాయి. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ మొదటిసారి వచ్చినప్పుడు 385 గ్రాముల దగ్గర ఉంది. రోజువారీ వినికిడికి 300 గ్రాముల లోపున్నవి చూసుకుంటే మెడకు నొప్పి రాదని నా అభిప్రాయం. అయితే అంకె ఒక్కటే సరిపోదు, ఆ బరువు ఎక్కడ పడుతున్నదన్నది కూడా ముఖ్యమే. నడినెత్తిన ఒకే చోట పట్టీ గుచ్చుకునే 250 గ్రాముల హెడ్‌ఫోన్ కంటే, వెడల్పాటి పట్టీ తలంతా పరచుకుని ఉండే 300 గ్రాములది తేలికగా అనిపిస్తుంది. ఏకేజీ కే240లో ఉన్నట్టు, పైన గట్టి కమాను, దాని కింద తలకు తగ్గట్టు దానంతట అదే సర్దుకునే మెత్తని పట్టీ ఉండే పద్ధతి ఈ విషయంలో బాగా పనిచేస్తుంది. జుట్టు పలచబడినవారికి ఈ తేడా మరింత త్వరగా తెలుస్తుంది.

రెండు పక్కలనుంచీ తలను పట్టే బిగువు తక్కువైతే వంగినప్పుడు హెడ్‌ఫోన్ జారిపోతుంది, ఎక్కువైతే కణతల కింద, దవడ కీలు దగ్గర నొప్పి మొదలవుతుంది. హెచ్‌డీ 600 కొత్తలో చాలా బిగువుగా ఉంటుందని దాన్ని వాడినవారందరూ చెప్పేదే. కొన్ని నెలల వాడకంతో అది సడలుతుంది. త్వరగా సడలాలనుకుంటే తల వెడల్పుకంటే కాస్త ఎక్కువ వెడల్పున్న పుస్తకాల దొంతరకు రాత్రిపూట తొడిగి ఉంచవచ్చు. లోపల లోహపు పట్టీ ఉన్నవాటికే ఇది పనికొస్తుంది. పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన కమానును ఇలా సాగదీస్తే విరిగే ప్రమాదం ఉంది.

మన వాతావరణంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది మెత్త మీది గుడ్డ గురించి. హెడ్‌ఫోన్ సమీక్షల్లో ఎక్కువ భాగం చల్లటి దేశాల్లో, ఏసీ గదుల్లో కూర్చుని రాసినవి కాబట్టి, వాటిలో ఎంతో సుఖమని పొగిడిన రెక్సిన్ మెత్త విజయవాడలోనో, కాకినాడలోనో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో వాటినుంచి తెలుసుకోలేము. రెక్సిన్ గాలి ఆడనివ్వదు. చెవి చుట్టూ చెమట చేరి, హెడ్‌ఫోన్ తీసేసరికి చర్మం తడిసి ఎర్రబడి ఉంటుంది. పైగా తేమకు, చెమటకు, తలనూనెకు ఆ పైపొర క్రమంగా దెబ్బతిని, ఏళ్లు గడిచేకొద్దీ నల్లటి పొలుసులుగా ఊడి చెవులకు, చొక్కా కాలరుకు అంటుకుంటుంది. వెల్వెట్‌లా మెత్తగా ఉండే వెలూర్ గుడ్డ గాలి ఆడనిస్తుంది, చర్మానికి అతుక్కోదు; దుమ్ము, వెంట్రుకలు పట్టడం దాని లోపం. వెలూర్ వల్ల ధ్వని కొంత మారుతుంది, రెక్సిన్‌లా అది సందులను పూర్తిగా మూయదు కాబట్టి మూసిన హెడ్‌ఫోన్లలో బేస్ కొద్దిగా తగ్గవచ్చు, బయటి సద్దు కొద్దిగా లోపలికి రావచ్చు. ఏసీ లేని గదిలో వినేవారు ఆ కొద్ది నష్టాన్ని ఒప్పుకుని వెలూర్ తీసుకోవడమే మేలు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో వెనుక మూసి ఉన్నదైనా దానిలో ఎక్కువ రకాలు వెలూర్ మెత్తలతోనే వస్తాయి, బరువు సుమారు 270 గ్రాములు. మూసిన హెడ్‌ఫోన్ కావాలి, వేడి మాత్రం వద్దు అనుకునేవారు ముందుగా చూడవలసిన వాటిలో అది ఒకటి.

వెనుక భాగం జాలీలా తెరిచి ఉండాలా, మూసి ఉండాలా అన్నది మీరు ఎక్కడ వింటారన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. తెరిచిన రకాన్ని 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414 పేరుతో మొదటగా మార్కెట్లోకి తెచ్చింది. వీటిలో గాలి ఆడుతుంది కాబట్టి చెవులు వేడెక్కవు. తంబురా శ్రుతి గది అంతా పరచుకున్నట్టు, వయొలిన్ ఒక పక్కగా, మృదంగం మరో పక్కగా ఉన్నట్టు విశాలంగా వినిపిస్తుంది. సంగీత కచేరీల రికార్డింగులు ఎక్కువగా వినేవారికి నేను సంకోచం లేకుండా వీటినే సూచిస్తాను. అయితే మీ పాట పక్కవారికి వినిపిస్తుంది, పక్కింటి కుక్కర్ కూత మీకు వినిపిస్తుంది, నెత్తిమీద ఫ్యాను వేగంగా తిరుగుతుంటే ఆ హోరు కూడా పాటలో కలుస్తుంది. ఒకే గదిలో పిల్లలు చదువుకుంటుంటేనో, మెట్రోలో, బస్సులో వింటుంటేనో మూసిన రకమే తీసుకోక తప్పదు. ప్రయాణాల్లో ఇంజను హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ బాగా ఉపయోగపడుతుంది గాని, అది పనిచేస్తున్నప్పుడు కొందరికి చెవుల్లో ఒత్తిడి ఉన్నట్టు అనిపిస్తుంది. మీకు అలా అనిపిస్తుందేమో పెట్టి చూసుకుంటే తప్ప చెప్పడం కష్టం.

కళ్లద్దాలు పెట్టుకునేవారికి మరో చిక్కుంది. అద్దాల కాడ మెత్త కింద దూరి చెవి పైభాగాన్ని తలకేసి నొక్కుతుంది, ఆ కాడ పక్కనే ఏర్పడే సన్నని సందులోంచి బేస్ పోతుంది. కాడలు సన్నగా, బల్లపరుపుగా ఉన్న ఫ్రేముతో, మెత్తగా అణిగే ఇయర్‌ప్యాడ్లతో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. బుట్టకమ్మలు, రాళ్ల దిద్దులు పెట్టుకునేవారికి తమ్మె దగ్గర ఖాళీ ఎక్కువుండే కోలగా ఉన్న కప్పులు, గుండ్రటివాటికంటే అనుకూలంగా ఉంటాయి. ముడి వేసుకునేవారు, జడ ఎత్తుగా అల్లుకునేవారు పట్టీని కాస్త ముందుకు జరిపి పెట్టుకున్నా కప్పులు చెవుల మీదే నిలుస్తున్నాయో లేదో చూసుకోవాలి.

దుకాణంలో పెట్టి చూసే అవకాశం దొరికితే దాన్ని పూర్తిగా వాడుకోవాలి. మీరు రోజూ పెట్టుకునే కళ్లద్దాలతోనే వెళ్లండి. పట్టీని రెండు వైపులా సమానంగా సర్దుకుని, చూపుడువేలితో మెత్త చుట్టూ తడుముతూ రండి. తమ్మె కింద, దవడ ఎముక వెనుక ఉన్న గుంట దగ్గరే సాధారణంగా సందు మిగులుతుంది. బాగా తెలిసిన పాట ఒకటి పెట్టుకుని, అది నడుస్తుండగా నోరు పూర్తిగా తెరిచి మూయండి, ఏదో నములుతున్నట్టు దవడ కదపండి. కదిపిన ప్రతిసారీ బేస్ వస్తూ పోతూ ఉంటే ఆ మెత్త మీ ముఖానికి సరిపోలేదని అర్థం. తరువాత తల వంచి బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి చూడండి. కనీసం ఇరవై నిమిషాలు తీయకుండా ఉంచండి, దుకాణదారు విసుక్కున్నా సరే. రెండు నిమిషాల్లో ఏ హెడ్‌ఫోనూ నొప్పి పుట్టించదు. ఆన్‌లైన్‌లో కొంటే, నప్పకపోతే వాపసు తీసుకుంటారా, లోపముంటే మార్చి మాత్రమే ఇస్తారా అన్నది డబ్బు కట్టకముందే చదవాలి, ఎందుకంటే తలకు నప్పకపోవడాన్ని చాలాచోట్ల లోపంగా లెక్కించరు.

వైరు ఉన్నదాన్ని తీసుకుంటే ఓమ్‌ల సంఖ్య, అంటే విద్యుత్తుకు అది ఇచ్చే నిరోధం ఎంతో, కూడా చూడాలి. 32 నుంచి 80 ఓమ్‌ల మధ్య ఉన్నవి ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు సాధారణంగా సరిపోతాయి. హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల వాటికి వేరే యాంప్లిఫయర్ ఉంటేనే తగినంత సద్దు వస్తుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు కాబట్టి యూఎస్‌బీ-సీ అడాప్టర్ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. బ్లూటూత్ రకమైతే, బ్యాటరీ అయిపోయినప్పుడు వైరుతో వినే వీలుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

మెత్త సరిగ్గా ఆనని హెడ్‌ఫోన్‌తో మరో నష్టం కూడా ఉంది. పోయిన బేస్ కోసం, లోపలికి వచ్చే రోడ్డు రొదను దాటడం కోసం మనం తెలియకుండానే సద్దు పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ (సద్దు తీవ్రతను కొలిచే ప్రమాణం). సద్దు మూడు డెసిబెల్స్ పెరిగితే వినదగిన సమయం సగానికి పడిపోతుంది. చాలా ఫోన్లలో ఎంత సద్దుతో ఎంతసేపు విన్నామో చూపే ఏర్పాటు ఉంది, దాన్ని వారానికి ఒకసారైనా చూసుకోవాలి.

చివరగా, కొనే ముందే ఆ మోడల్‌కు విడి ఇయర్‌ప్యాడ్లు దొరుకుతున్నాయో లేదో వెతికి చూడండి. హెచ్‌డీ 600 1997లో వచ్చింది, దానికి నేటికీ మెత్తలు, వైర్లు విడిగా దొరుకుతాయి. అందువల్లనే అది ఏళ్లతరబడి వాడకంలో ఉంది. వాడిన తరువాత మెత్తలను పొడిగుడ్డతో తుడిచి, తడి ఆరేదాకా గాలి తగిలేచోట ఉంచి, ఆ తరువాతే సంచిలో పెట్టాలి. తలకు నూనె రాసుకున్న రోజు పట్టీ కింద పలచటి నూలు గుడ్డ వేసుకుంటే సరిపోతుంది. మెత్తలోని స్పాంజి అణిగిపోయి చెవి లోపలి గుడ్డకు తగలడం మొదలైతే, పైన గుడ్డ బాగానే కనిపిస్తున్నా, కొత్త మెత్తలు వేయించాలి. వాటిని మార్చేటప్పుడు అదే మోడల్‌కు తయారైనవే తీసుకోవాలి, ఎందుకంటే మందం కాస్త మారినా ధ్వని, బిగువు రెండూ మారతాయి.