ఫోర్‌హ్యాండ్: మోకాలి ఎత్తు బంతికి ఒక చోటు, భుజం ఎత్తు బంతికి ఇంకో చోటు

పొద్దున్నే టెన్నిస్ కోర్టుకు వచ్చేవాళ్లలో చాలామందికి ఉన్న ఇబ్బంది ఒకటే. నడుము ఎత్తులో వచ్చిన బంతిని చక్కగా కొడతారు. అదే బంతి కాస్త జారుతూ మోకాలి దగ్గరికి వస్తే నెట్‌లోకి పోతుంది, భుజం దాకా లేస్తే ఎటు పోతుందో చెప్పలేం. "నా ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపు కొట్టే షాట్) పోయిందండీ" అంటారు. వారం తిరక్కుండా గ్రిప్ మారుస్తారు, స్ట్రింగ్స్ టెన్షన్ మార్పిస్తారు, కొందరు రాకెట్టే మార్చేస్తారు.

చాలాసార్లు ఆ స్వింగ్‌లో పెద్ద లోపం ఉండదు. బంతి రాకెట్‌కు తగిలిన చోటు తప్పు. నడుము ఎత్తు బంతికి అలవాటైన చోటునే అన్ని ఎత్తులకూ వాడుతుంటారు. అందుకే కింద చెప్పిన ప్రతి సమస్యలోనూ నేను ముందు అడిగేది "ఎలా కొట్టారు" అని కాదు, "బంతి ఎక్కడ తగిలింది" అని. (నేను కుడిచేతి వాటంగా రాస్తున్నాను. ఎడమచేతి వాళ్లు దిక్కులు తిప్పి చదువుకోండి.)

ముందు మీ చోటు మీరు తెలుసుకోండి

దీనికి బంతి అక్కర్లేదు. కోర్టు వెనక జాలీ దగ్గరికి వెళ్లి, బంతి జాలీ వైపు నుంచే వస్తోందనుకుని పక్కకు తిరిగి నిలబడండి. మీ మామూలు ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో రాకెట్ స్ట్రింగ్స్‌ను నడుము ఎత్తులో జాలీకి ఆనించి గట్టిగా నెట్టండి. స్ట్రింగ్స్ మొత్తం జాలీకి సమంగా ఆని, మణికట్టు వెనక్కి విరగకుండా, ఒంటి బరువంతా రాకెట్‌లోకి వెళ్తున్నట్టు అనిపించే చోటు ఒకటి దొరుకుతుంది. మీ గ్రిప్‌కు అదే అసలు చోటు. (ఈస్టర్న్, సెమీ వెస్టర్న్, వెస్టర్న్ అనేవి రాకెట్ పట్టుకునే పద్ధతులు. ఈ వరుసలో అరచెయ్యి పిడి కిందివైపుకు జరుగుతూ పోతుంది.) ఈస్టర్న్ గ్రిప్ వాళ్లకు అది ముందుకాలికి ఎదురుగానో, బెత్తెడు ముందో ఉంటుంది. సెమీ వెస్టర్న్ వాళ్లకు ఇంకో జానెడు ముందుకు, కొంచెం పైకి ఉంటుంది. వెస్టర్న్ అయితే ఇంకా ముందుకు.

ఇప్పుడు మోకాళ్లు వంచకుండా రాకెట్‌ను మోకాలి ఎత్తుకు దించి నెట్టండి. సెమీ వెస్టర్న్ వాళ్లకు రాకెట్ ముఖం నేల వైపు వాలిపోతుంది. తర్వాత భుజం ఎత్తులో ప్రయత్నించండి. ఈసారి మోచెయ్యి పక్కటెముకల దగ్గర ఇరుక్కుపోతుంది, ఈస్టర్న్ వాళ్లకైతే రాకెట్ ముఖం ఆకాశం వైపు తెరుచుకుంటుంది. ఒక అడుగు పక్కకు జరిగితే కాని చెయ్యి విడుదల కాదు.

ఎందుకంటే చెయ్యి తిరిగేది భుజం చుట్టూ. చేతిని భుజం ఎత్తులో చాచితే అది శరీరం నుంచి పూర్తి దూరం వెళ్తుంది. కిందికి దించేకొద్దీ అదే చెయ్యి శరీరానికి దగ్గరవుతుంది. కాబట్టి ఎత్తుగా లేచిన బంతికి మనం దూరంగా ఉండాలి, కింద ఉన్న బంతికి మనమే కిందికి దిగాలి. ఈ ఒక్క విషయం ఒంటికి పడితే మిగతా దిద్దుబాట్లు సులువు.

సమస్య: తక్కువ ఎత్తు బంతి నెట్‌లోకి పోతోంది

ఎక్కువగా ఇది ఎదుటివాళ్లు స్లైస్ (బంతిని పైనుంచి కిందికి కోసినట్టు కొట్టే షాట్) ఆడినప్పుడు కనిపిస్తుంది. బంతి జారి, అనుకున్నంత లేవదు.

కారణం దాదాపు ఎప్పుడూ కాళ్లే. నిటారుగా నిలబడి చెయ్యి ఒక్కటీ దించుతారు. జాలీ దగ్గర చూసినట్టు రాకెట్ ముఖం నేల చూస్తుంది, బంతి అటే పోతుంది. ఇంకొందరు మోకాళ్ల బదులు నడుము వంచుతారు. తల ముందుకు పడి, కొట్టాక ఒళ్లు తూలుతుంది.

సరిచేయడానికి బంతి బౌన్స్ అయ్యేలోపే దిగాలి, అయ్యాక కాదు. ముందుకాలు బంతి వైపు వేస్తూ వెనక మోకాలు నేలకు దగ్గరయ్యేలా కూర్చోండి. వీపు నిటారుగానే ఉండాలి. బంతి ముందు మోకాలికి ఎదురుగా, దాని కంటే కొంచెం ముందు తగలాలి. రాకెట్ తల మణికట్టు కంటే కొంత కిందికి వాలినా తప్పు లేదు. ఎంత కూర్చున్నా రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఉంచాలని పంతం పట్టి మణికట్టు బిగించుకోవద్దు. కొట్టాక కూడా ఒక క్షణం అదే ఎత్తులో ఉండండి. కొడుతూ కొడుతూ లేచిపోవడం ఈ షాట్‌ను పాడుచేసే రెండో తప్పు.

వెస్టర్న్ గ్రిప్ వాళ్లకు ఒక మాట. మరీ పాదాల దగ్గర జారే బంతికి మీ గ్రిప్ సహకరించదు. సమయం ఉంటే ఈస్టర్న్ వైపు కొంచెం జరిపి పట్టుకోండి, లేకపోతే మీరూ స్లైస్‌తోనే తిప్పి పంపండి.

సమస్య: తక్కువ బంతి తేలిపోయి బయట పడుతోంది

ఇది పై తప్పుకు మందు వికటించడం. నెట్‌లోకి పోతోందని మణికట్టుతో బంతిని గరిటెలా పైకి ఎత్తుతారు, ఒళ్లు వెనక్కి వాలుతుంది. మణికట్టును వదిలేసి, కిందినుంచి పైకి ఎత్తే పని కాళ్లకు, భుజానికి ఇవ్వండి. కొట్టాక బరువు ముందుకాలి మీద ఉందా లేదా చూసుకోండి. ఉంటే ఈ సమస్య సగం పోయినట్టే. అలాగే ఈ బంతిని విన్నర్ (ఎదుటివాళ్లకు అందని షాట్) కొట్టాలని చూడకండి. నెట్ మధ్యలో 3 అడుగులు, పోస్టుల దగ్గర 3.5 అడుగులు. మోకాలి ఎత్తు నుంచి అది దాటాలంటే బంతి పైకి వెళ్లక తప్పదు, పైకి వెళ్లిన బంతిని కోర్టులోకి దించేది టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం), నిదానం. క్రాస్‌కోర్ట్, అంటే ఐమూలగా, ఆడితే నెట్ తక్కువున్న చోటు మీదుగా పోతుంది, దూరమూ కలిసొస్తుంది.

సమస్య: భుజం ఎత్తు బంతి నెట్‌లోకి పోతోంది

అందరినీ ఆశ్చర్యపరిచేది ఇదే. బంతి నెట్ కంటే చాలా పైన ఉంది కదా, కిందికి కొట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. బేస్‌లైన్ (కోర్టు వెనక చివరి గీత) నుంచి నెట్‌కు 39 అడుగులు. భుజం ఎత్తు అంటే సుమారు 4.5 అడుగుల నుంచి, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, పైకీ కిందికీ కాకుండా సూటిగా కొట్టారనుకోండి. బంతి నెట్ చేరడానికి సెకనులో సగం కూడా పట్టదు. కానీ ఆ కాస్త సమయంలోనే భూమి ఆకర్షణ దాన్ని దాదాపు 3 అడుగులు కిందికి లాగేస్తుంది. అంటే నెట్ దగ్గరికి వచ్చేసరికి బంతి నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటుంది, నెట్ మధ్యభాగానికి తగులుతుంది. గాలి అడ్డుకోవడం, టాప్‌స్పిన్ కలిస్తే ఇంకా కింద. సూటిగా కొట్టిన బంతే దాటకపోతే, కిందికి కొట్టింది ఎలా దాటుతుంది?

కాబట్టి బేస్‌లైన్ దగ్గర భుజం ఎత్తు బంతిని కూడా నెట్ పైన రెండు మూడు అడుగులు దాటేలా గురి పెట్టాలి. కిందికి బాదే షాట్ సర్వీస్ బాక్స్ లోపల, నెట్‌కు దగ్గరగా ఉన్నప్పటిది.

సమస్య: ఎత్తు బంతి బలం లేకుండా కోర్టు మధ్యలో పడుతోంది, లేదా రాకెట్ ఫ్రేమ్‌కు తగులుతోంది

అన్నిటిలోకీ ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. వారాంతపు మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్లు పైకి లేపి లేపి ఆడితే మంచి ఆటగాళ్లు కూడా ఓడిపోయేది దీనివల్లే.

రెండు కారణాలు కలిసి వస్తాయి. మొదటిది, బంతికి మరీ దగ్గరగా ఉండడం. బంతి చెవి పక్కకు వచ్చేస్తుంది, మోచెయ్యి మడత విప్పడానికి చోటుండదు. రెండోది, రాకెట్‌ను అలవాటు ప్రకారం నడుము కిందికి దించి మొదలుపెట్టడం. అక్కడి నుంచి భుజం దాకా నిలువుగా లాగితే రాకెట్ బంతిని గీసినట్టు రాసుకుపోతుంది కాని ముందుకు తోపు ఉండదు.

ఇలా మార్చి చూడండి. రాకెట్ వెనక్కి తీసేటప్పుడే మోచేతిని పైకి ఉంచండి, రాకెట్ తల భుజం కంటే పైన ఉండాలి. అక్కడి నుంచి బంతి కంటే బెత్తెడు కిందికి మాత్రమే దించి, ముందుకు సాగే స్వింగ్‌తో కొట్టండి. ఎడమ చేతిని భుజం ఎత్తులో పక్కకు చాచి ఉంచితే బంతికి ఎంత దూరంలో ఉన్నారో అదే కొలుస్తుంది. బంతి నడుము ఎత్తు బంతి కంటే కొంచెం ముందుగా, జానెడు ఎక్కువ దూరంగా తగలాలి. స్వింగ్ ముగింపు తల మీదికి కాకుండా ఎడమ మోచేతి వైపు వస్తే మీరు బంతి గుండా కొట్టినట్టు. తల మీద ముగిస్తున్నారంటే ఇంకా నిలువుగానే గీస్తున్నారు.

అసలు ఆ ఎత్తులో కొట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. మీకు మూడు దారులున్నాయి: బంతి లేస్తుండగానే నడుము దగ్గర అందుకోవడం, రెండు మూడు అడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ నడుము ఎత్తుకు దిగేదాకా ఆగడం, భుజం ఎత్తులోనే కొట్టడం. అర్జెంటీనా ఆటగాళ్లు ఇద్దర్ని చూడండి. 2009లో యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఫెదరర్‌ను ఓడించిన డెల్ పోత్రో ఎత్తు 198 సెంటీమీటర్లు. మనకు భుజం దాటే బంతి ఆయనకు ఛాతీ దగ్గరే ఉంటుంది. 2020లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ దాకా వెళ్లిన ష్వార్ట్జ్‌మన్ సుమారు 170 సెంటీమీటర్లు. బంతి ఎత్తుగా లేచే ఎర్రమట్టి మీద కూడా ముందుకొచ్చి, లేస్తున్న బంతినే అందుకునేవాడు. మనలో ఎక్కువమంది ఎత్తు ష్వార్ట్జ్‌మన్‌కు దగ్గర. కాబట్టి లేస్తున్న బంతిని కొట్టడం నేర్చుకోవడం మనకు చాలా అవసరం అని నా నమ్మకం. దానికి వెనక్కి తీసే స్వింగ్ పొట్టిగా ఉండాలి, అంతే. పూర్తి స్వింగ్‌తో ప్రయత్నిస్తే ఆలస్యమవుతుంది.

చాలామంది చేసేది నాలుగోది: నిలబడ్డ చోటే నిలబడి, ఒళ్లు వెనక్కి వాల్చి, చెయ్యి మాత్రం అందించడం. భుజం నొప్పి మొదలయ్యేది కూడా అక్కడే. నొప్పి ఉంటే ఎత్తు బంతుల సాధన ఆపి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

సమస్య: నడుము ఎత్తు బంతే పక్కలకు పోతోంది

కుడి లైన్ బయటకు పోతుంటే ఆలస్యంగా తగులుతోంది. ఎడమకు లాగేస్తుంటే మరీ ముందుగా తగులుతోంది. ఎత్తుకు సంబంధం లేదు. ఆలస్యం అయితే బంతి అవతలి రాకెట్ వదిలిన వెంటనే భుజాలు తిప్పండి, చాలు.

సమస్య: ఎత్తు తెలిసేసరికి ఆలస్యం అయిపోతోంది

పైన చెప్పినవన్నీ తెలిసినా మ్యాచ్‌లో రావు అనేవాళ్ల అసలు ఇబ్బంది ఇది. వాళ్లు ఎత్తును బౌన్స్ అయ్యాక చూస్తారు. అప్పటికి మిగిలే సమయం చేతికి సరిపోతుంది కాని కాళ్లకు సరిపోదు.

ఎత్తు అవతలి రాకెట్ దగ్గరే తెలుస్తుంది. రాకెట్ పైనుంచి కిందికి కోసినట్టు వస్తే స్లైస్, బంతి నెట్‌ను రాసుకున్నట్టు వస్తుంది, బౌన్స్ అయ్యాక జారుతుంది. రాకెట్ కిందినుంచి పైకి వేగంగా లేచి, బంతి నెట్ మీద నిలువెత్తు దాటుతుంటే అది భుజం దాకా వస్తుంది. ఇది అలవాటు కావడానికి నేను అందరితో చేయించే సాధన ఒకటుంది. అవతల ఒకరు మూడు రకాల బంతులూ కలిపి వేస్తారు. బంతి నెట్ దాటేలోపు మీరు "మోకాలు", "నడుము", "భుజం" అని పైకి అనాలి. మొదటి రెండు రోజులు కొట్టనే వద్దు, చెప్పి, కాళ్లతో సరైన చోటుకు వెళ్లి, బంతిని చేత్తో పట్టుకోండి. పట్టుకున్న చోటే కొట్టాల్సిన చోటు.

సమస్య: నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ కుదరడం లేదు

బంతులు చూడండి. నిబంధన ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలిన బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య లేవాలి. డబ్బా తెరిచి వారాలైన బంతి లోపలి గాలి తగ్గి అంత లేవదు. పాతవాటితో సాధన చేసి టోర్నమెంట్‌లో కొత్త బంతులు అందుకుంటే ప్రతి బంతీ పైకే తగులుతుంది. మే నెల ఎండలో బంతి లోపలి గాలి వేడెక్కి ఇంకా లేస్తుంది. సింథటిక్ కోర్టు నుంచి మట్టి కోర్టుకు మారినా అంతే. అలాంటి రోజు వార్మప్‌లో మొదటి పది బంతులు ఎక్కడ తగులుతున్నాయో మాత్రమే గమనించి, నిలబడే చోటు ఒకడుగు వెనక్కో ముందుకో మార్చుకోండి.

పిల్లల విషయం

తొమ్మిదేళ్ల పిల్లవాడికి పెద్దవాళ్లు ఆడే పసుపు బంతి ఇచ్చి ఎత్తు బంతులు కొట్టలేకపోతున్నాడని తిట్టడం చూస్తే బాధేస్తుంది. ఆ బంతి ప్రతిసారీ వాడి తల దగ్గరికి లేస్తుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్లలోపు పోటీల్లో ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులే వాడాలని నియమం పెట్టింది ఇందుకే. అవి నెమ్మదిగా వస్తాయి, తక్కువ లేస్తాయి. నడుము ఎత్తులో వేల బంతులు కొట్టిన పిల్లలకే ఆ చోటు ఒంటికి తెలుస్తుంది. తొందరపడి పసుపు బంతికి మారిస్తే, ఎత్తును తట్టుకోవడానికి వాళ్లు గ్రిప్‌ను మరీ వెస్టర్న్ వైపు తిప్పేసుకుంటారు, తర్వాత దాన్ని మార్చడం కష్టం.

ఫోన్‌తో పరీక్ష

బేస్‌లైన్ చివర, మీకు పక్కగా ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయండి. ఒక్కో ఎత్తుకు పది బంతులు చాలు. బంతి స్ట్రింగ్స్‌కు తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపి రెండే చూడండి: ముందు తుంటి కంటే బంతి ఎంత ముందుంది, మోచెయ్యి శరీరానికి అతుక్కుందా. సానియా మీర్జా ఆట వీడియోలు చూసేటప్పుడు కూడా స్వింగ్ ముగింపు దగ్గర కాదు, ఈ ఫ్రేమ్ దగ్గరే ఆపి చూడండి. నెల తర్వాత అదే చోట ఫోన్ పెట్టి మళ్లీ ముప్పై బంతులు తీసి, పాత వీడియో పక్కన పెట్టుకోండి.